కుయిక్కా వారి ఆఖరి విమానం

మంగళవారం పొద్దున్న ఆఫీసు తలుపు తోసుకుని లోపలికొచ్చిన ఆవిడ బూట్లకంటిన మంచు దులుపుకోవడం కూడా మరిచిపోయింది. కాఫీ కాస్తున్న ఒస్సి పుల్కినెన్ అది చూసి, ఈవిడకేదో పెద్ద కష్టమే వచ్చిందనుకున్నాడు. మార్చి నెలలో కుఓపియో ఊళ్లో ఆ పని ఎవరూ మరిచిపోరు.

"కార్హునెన్ గారున్నారా?" అంది ఆవిడ.

"నేనే. ముందు కూర్చోండి" అంది ఇల్మా కార్హునెన్ కిటికీ దగ్గర్నుంచి.

ఇల్మాకి అరవై దగ్గర పడ్డాయి. పాతికేళ్లు పోలీసుశాఖలో చేసి, తర్వాత సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టింది. ఒస్సి ఒకప్పుడు బడిలో భూగోళం చెప్పేవాడు. నాలుగేళ్లుగా ఆవిడ దగ్గర సహాయకుడు. రోజూ ఆవిడ పక్కనే ఉంటున్నా, ఆవిడ చూసేవి తనకెందుకు కనబడవోనని ఈనాటికీ ఆశ్చర్యపోతూనే ఉంటాడు.

"నా పేరు ఔలిక్కి సోర్సా. కుర్కివేసి విమానాశ్రయం నుంచి వస్తున్నాను. అక్కడి విమానంలో ఎయిర్ హోస్టెస్‌ని. మా విమానం మరమ్మతుల పుస్తకం ఎవరో ఎత్తుకుపోయారండీ. శుక్రవారంలోగా అది దొరక్కపోతే మా పద్నాలుగు మందీ రోడ్డున పడ్డట్టే."

"పుస్తకానికి అంత విలువా?"

"విమానం పుట్టిన దగ్గర్నుంచి ఏ భాగం ఎప్పుడు మార్చారు, ఎవరు పరీక్షించారు, ఎవరు సంతకం పెట్టారు, అంతా అందులోనే ఉంటుంది. అది లేకపోతే విమానం కాదండీ, వట్టి రేకుల డబ్బా. కాలు కదపనివ్వరు."

కారు గడ్డకట్టిన సరస్సు మీది దారిన పోతుంటే ఔలిక్కి మిగతా కథ చెప్పింది. ఇరవై రెండేళ్ల కిందట తాయిస్తో వాన్స్కా అనే ఆయన నీళ్ల మీద వాలే చిన్న విమానమొకటి కొని, దీవుల్లో ఉండేవాళ్లకి ఉత్తరాలూ మందులూ మోయడం మొదలుపెట్టాడు. నొప్పులు పడుతున్న ఆడవాళ్లని ఆస్పత్రికి చేర్చాడు. సరస్సుల మీద ఈదే కుయిక్కా పక్షి పేరే సంస్థకి పెట్టాడు. పదేళ్లు తిరిగేసరికి తోకల మీద ఆ పక్షి బొమ్మతో అయిదు విమానాలయ్యాయి. వారానికి మూడుసార్లు స్టాక్‌హోం కూడా వెళ్లేవి. ఇంతలో చెడ్డ రోజులొచ్చాయి. కాగితం మిల్లు మూతపడింది, సీట్లు ఖాళీ అయ్యాయి. ఒక్క ఊరికి కూడా రాకపోకలు మానడానికి తాయిస్తో ఒప్పుకోలేదు. ఈ జనవరిలో సంస్థే మునిగిపోయింది. నాలుగు విమానాలు అమ్ముడుపోయాయి.

"మిగిలిన ఒక్కదాన్నీ మేమే నడుపుకుంటామని పనివాళ్లమంతా కలిశాం. శుక్రవారం అధికారుల ఎదుట ఎగిరి చూపిస్తేనే అనుమతి నిలుస్తుంది. సోమవారం పొద్దున్న చూస్తే బీరువాలో పుస్తకం లేదు. సావునా, అదే మా ఆవిరి స్నానాల గది, పొయ్యిలో దాని నీలం అట్ట సగం కాలి కనబడింది."

"బీరువా తాళం?"

"మేకుకే వేలాడుతుంటుంది. అది అందరికీ తెలుసు. ఆదివారం మాత్రం అక్కడ ముగ్గురే ఉన్నారు. సావునాలో స్నానం చేసిందీ వాళ్లే. తాయిస్తో, మా మెకానిక్ కలెర్వో తోయివానెన్, ఇంకా ఆ హోల్మ్‌స్ట్రోమ్. విమానాన్ని కొని ముక్కలుగా అమ్ముకోవాలని చూస్తున్నాడండీ, రాబందు!"

కుర్కివేసి చేరగానే ఇల్మా నేరుగా సావునాకి నడిచింది. వంటింట్లోంచి పిండి జల్లెడ తెప్పించి పొయ్యిలోని బూడిదంతా జల్లించింది. బొగ్గు ముక్కలు తప్ప జల్లెడలో ఏమీ మిగల్లేదు.

"పొయ్యి ఎవరైనా శుభ్రం చేశారా?"

"లేదు. మీరొచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు."

"ఆ పుస్తకంలో కాగితాలు దేంతో బిగించి ఉండేవి?"

"నాలుగు ఉక్కు రింగులతో."

ఇల్మా తలూపి షెడ్డులోకి వెళ్లింది. తెల్లటి విమానం చలిలో ఒంటరిగా నిలబడి ఉంది. కుడివైపు ప్రొపెల్లర్ మామూలుగానే ఉంది. ఎడమదాన్ని మాత్రం పట్టీతో బిగించి, ఎర్రగుడ్డ కట్టారు. ఇల్మా రెంటినీ మార్చి మార్చి చూసి బయటికొచ్చింది.

ముగ్గురినీ క్యాంటీన్లో ఒక్కొక్కరినే పిలిచింది. ముందు హోల్మ్‌స్ట్రోమ్ వచ్చాడు. బొద్దుగా ఉన్నాడు, సముద్రతీరపు యాసలో మాట్లాడాడు.

"విమానాలు విప్పి అమ్ముకోవడం నా వ్యాపారం. నన్ను చూస్తే వీళ్లకి ఒళ్లుమంట. మండనివ్వండి. వీళ్ల పాత విమానాల్లో రెండు నేనే కొన్నాను. భాగాలన్నీ కాగితాలతో సహా నా గోదాములో భద్రంగా ఉన్నాయి. ఇంతకీ ఆ పుస్తకం పూర్తిగా కాలిపోయిందా?"

తర్వాత తాయిస్తో. గెడ్డం మాసి, భుజాలు వంగిపోయి ఉన్నాడు.

"నాకు దక్కనిది ఇంకొకడికి దక్కకూడదని నేనే కాల్చేశానంటున్నారు కదూ, ఊళ్లో?"

"కాల్చారా?"

"కాల్చగలిగే గుండే ఉంటే ఎప్పుడో సగం ఊళ్లకి విమానాలు ఆపేసేవాణ్ణి. సంస్థ బతికుండేది." ముసలాయన కాస్త ముందుకి వంగాడు. "ఏమ్మా, అది దొరుకుతుందంటావా?"

చివరికి కలెర్వో వచ్చాడు. పొడుగు మనిషి, వేళ్ల సందుల్లో చెరగని నూనె మరకలు. ఫ్లాస్కు పెట్టుకునే గుడ్డసంచీ ఒళ్లోంచి దించలేదు.

"శుక్రవారం ప్రయాణం ఆగిపోయినట్టేనా?" అన్నాడు కూర్చోకముందే.

"పుస్తకం లేకపోతే అంతేగా."

కలెర్వో ఊపిరి వదిలాడు.

"ఎడమ ప్రొపెల్లరెందుకు కట్టారు?"

"గాలికి తిరక్కుండా."

"షెడ్డులో గాలెక్కడిది?"

"అలవాటు" అన్నాడు కలెర్వో నేల చూస్తూ.

అతను వెళ్లాక ఒస్సి తన నోటుపుస్తకం మూసి, "హోల్మ్‌స్ట్రోమే మేడమ్. అనుమతి పోతే విమానం చవగ్గా వస్తుంది. ఇంకెవరికుంది లాభం?" అన్నాడు.

"ముగ్గురూ నన్ను తలా ఒక ప్రశ్న అడిగారు. రాసుకున్నావుగా, మళ్లీ చదువుకో" అంది ఇల్మా. ఒస్సి రెండుసార్లు చదివాడు. అతనికేమీ తట్టలేదు.

మధ్యాహ్నం రెండింటికి అందర్నీ ప్రయాణికుల హాల్లో కూర్చోబెట్టింది. పనివాళ్లంతా గోడవారగా నిలబడ్డారు. హోల్మ్‌స్ట్రోమ్ పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

"పుస్తకం కాలలేదు" అంది ఇల్మా. "కాగితం బూడిదవుతుంది, ఉక్కు కాదు. ఆ పొయ్యిలో ఒక్క రింగు కూడా లేదు. అట్ట మాత్రం చింపి కాల్చి, అంతా పోయిందని మనల్ని నమ్మించారు. కాలిపోయినదాన్ని ఎవరూ వెతకరు కదా."

"ఈ రాబందే దాచి ఉంటాడు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఆయనకి ఆ పుస్తకం మీకంటే ఎక్కువ కావాలి. ఏ భాగం ఎన్ని గంటలు తిరిగిందో చెప్పే కాగితం లేకపోతే ఎవరు కొంటారు? పాతసామాన్లవాడికి తూకానికి వేసుకోవాలి. అందుకే పూర్తిగా కాలిందా అని కంగారుపడ్డాడు."

హోల్మ్‌స్ట్రోమ్ నిట్టూర్చి, "ఇన్నాళ్లకి నా గోడు ఒకరికి తెలిసింది" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"తాయిస్తో పుస్తకం గురించే అడిగాడు. ఒక్కరు మాత్రం దాని ఊసెత్తలేదు, ప్రయాణం ఆగిందా అనడిగారు. ఆగిందంటే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. గాలి చొరని షెడ్డులో ఒక్క ఎడమ ప్రొపెల్లర్‌నే కదలకుండా కట్టింది కూడా ఆయనే. విమానం ఎగరకూడదనుకున్నాడు, కానీ పుస్తకాన్ని కాల్చడానికి చేతులు రాలేదు. ఎందుకంటే అందులో ఇరవై ఏళ్ల ఆయన చేతిరాత ఉంది." ఇల్మా గొంతు తగ్గించింది. "కలెర్వో, ఆ ప్రొపెల్లర్‌కి ఏమైంది?"

కలెర్వో సంచీలో చెయ్యిపెట్టి, ఫ్లాస్కు కింద నుంచి నూనెగుడ్డలో చుట్టిన కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగు రింగులూ మెరిశాయి.

"జనవరిలో మైనస్ ముప్ఫై డిగ్రీల చలి. షెడ్డులో హీటరు పాడైంది, వేళ్లు వంగట్లేదు. తాయిస్తో, పొద్దున్నే విమానం వెళ్లాలన్నావు. ఎడమ ప్రొపెల్లర్ రెక్కల మొదళ్లు పరీక్షించాలి. చూడకుండానే చూశానని సంతకం పెట్టేశాను. అది వెళ్లి క్షేమంగా తిరిగొచ్చింది. మర్నాడే సంస్థ మూసేశారు, షెడ్డుకి సీలు వేశారు, నా పరికరాలు వేలంలో పోయాయి. ఇక విప్పి చూసే దారే లేకపోయింది."

"నాకు చెప్పొచ్చుగా, కలెర్వో!" అంది ఔలిక్కి. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమని చెప్పను? చెబితే నా లైసెన్సు పోతుంది. మీకున్న మెకానిక్‌ని నేనొక్కణ్ణే. మీ ఆశ కూడా నాతోనే పోతుంది. చెప్పకపోతే ఈ శుక్రవారం నువ్వందులో ఎక్కుతావు."

తాయిస్తో లేచాడు. ఆయన తిడతాడనుకున్నాడు ఒస్సి. ముసలాయన పోయి కలెర్వో పక్కన కూర్చున్నాడు. "తొందరపెట్టింది నేను. ఆ సంతకంలో సగం నాది" అన్నాడు.

ఆ తర్వాత జరిగినదాంట్లో ఇల్మా జోక్యం చేసుకోలేదు. ఔలిక్కి కళ్లు తుడుచుకుని అధికారులకి ఫోన్ చేసింది. ఒక్క ముక్క దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్లు రెండు వారాలు గడువిచ్చారు. కలెర్వో సంతకం ఆర్నెల్లపాటు చెల్లదన్నారు. ఈలోగా సంతకాలు పెట్టడానికి యొఎన్సూ ఊళ్లో ఉండే రిటైరైన మెకానిక్ ఒకాయన ఒప్పుకున్నాడు.

మర్నాడు ఆయన తెచ్చిన పరికరాలతో ఎడమ ప్రొపెల్లర్ విప్పారు. ఒక రెక్క మొదట్లో గోరంత బీట కనబడింది. ఔలిక్కి వంగి దాని మీద వేలు పెట్టి చూసింది.

"కొత్త రెక్క రావాలంటే మూడు నెలలు" అన్నాడు కలెర్వో.

"నా గోదాములో ఉంది" అన్నాడు హోల్మ్‌స్ట్రోమ్ గుమ్మంలోంచి. "మీ పాత విమానంలోంచి విప్పిందే, కాగితాలతో సహా. అలా చూడకండి. ఎగిరే విమానానికి ఎప్పటికీ భాగాలు కావాలి. విప్పేసిందానికి అమ్మకం ఒక్కసారే."

పదమూడో రోజున అధికారులొచ్చి చూశారు, అనుమతి నిలిచింది. ఏప్రిల్ మొదటి సోమవారం పొద్దున్న కుయిక్కా మళ్లీ హెల్సింకీకి బయల్దేరింది. ఇల్మా, ఒస్సి చూడ్డానికొచ్చారు. ఒకప్పుడు అయిదు విమానాలు నడిపిన తాయిస్తో ఈల వేసుకుంటూ ప్రయాణికుల పెట్టెలు మోస్తున్నాడు. "బరువులు మోయడంలో ఇంత సుఖముందని తెలిస్తే యజమానినయ్యేవాణ్ణే కాదు" అన్నాడు ఒస్సితో.

ప్రయాణికులు పదకొండు మంది. అందరికంటే ముందు టికెట్ కొన్నది కలెర్వో. ఇరవై ఏళ్లు ఆ విమానాలకి మరమ్మతులు చేశాడు కానీ ఒక్కసారీ ఎక్కలేదట.

"ఏ సీటు కావాలి?" అనడిగింది విమానం గుమ్మంలో నిలబడ్డ ఔలిక్కి.

"ఎడమవైపు, ప్రొపెల్లర్ పక్కది" అన్నాడు కలెర్వో.

ఔలిక్కి అతన్ని తీసుకెళ్లి అక్కడే కూర్చోబెట్టి, బెల్టు తనే బిగించింది.