దిబ్బ కదిలింది

ఫైలు చివరి పేజీలో ఒకే ఒక్క వాక్యం ఉంది. "నీళ్ళు వెంట తీసుకెళ్ళనందువల్ల, స్వంత అజాగ్రత్త కారణంగా మరణం." దాని కింద చీఫ్ సంతకం.

మిరపకాయ ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండింది, ఇప్పుడూ మండింది. డిపార్టుమెంటు ఇచ్చిన కోడ్ నంబరు ఒకటున్నా, కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఆఫీసులో అందరూ అతణ్ణి మిరపకాయ అనే పిలుస్తారు. చచ్చిపోయిన ఏజెంటు అతని బావమరిది, భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు.

"మళ్ళీ అదే పేజీ తీశావా?" అన్నాడు చీఫ్. "అది క్లోజైన ఫైలు. ఇటు చూడు."

గోడ మీద మ్యాపు వెలిగింది. ఎడారి నేషనల్ పార్కు. దాని ఉత్తరపు కంచెకి అవతల సైన్యం వాళ్ళు రాకెట్లు పరీక్షించే రేంజి.

"కొత్త రాకెట్ టెస్టు ఆదివారం పొద్దున తొమ్మిదింటికి. మే నెలలోనే జరగాలి, ఎండలని వాయిదా వేశారు. ఆగస్టులో పిడుగులని ఆపారు. ఈసారి ఆగదు. ప్రొఫెసర్ ముఠా దాన్ని దారి తప్పించడానికి పార్కులో ఎక్కడో సిగ్నల్స్ చెడగొట్టే జామర్ పెట్టె దాచిందని సమాచారం. అది పనిచేస్తే రాకెట్ తిన్నగా వెళ్ళి టూరిస్టుల గుడారాల మీద పడుతుంది. డిసెంబరు కదా, పిల్లాపాపలతో కిటకిటలాడుతూ ఉంటాయి."

"అయితే గుడారాలు ఖాళీ చేయించండి సార్."

"రుజువేదీ? రుజువు లేకుండా పైవాళ్ళకి చెబితే నవ్విపోతారు."

"ఆగస్టులో పంపారు, వెళ్ళాను. దిబ్బల కింద వరసగా గోతులు తవ్వారని రిపోర్టు ఇచ్చాను. మీరు దాని పక్కన ఏం రాశారో గుర్తుందా?"

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "నక్కలై ఉంటాయని."

"నక్కలు పారలు పట్టుకుని తవ్వవు సార్."

చీఫ్ ఆ మాట విననట్టే ముందుకి పోయాడు. ఆ విద్యలో ఆయన దిట్ట. "నెమలి అక్కడే ఉంది. ముఠాలో మన మనిషి. నువ్వు శనివారం రైల్లో దిగి లాడ్జిలో ఆమెని కలుసుకో. 'ఈ సీజన్లో కొంగలు వచ్చాయా?' అని అడుగుతుంది. 'దారిలో ఉన్నాయి' అనాలి."

నెమలి పేరెత్తగానే చీఫ్ గొంతు కాస్త మెత్తబడింది. ఆవిణ్ణి ఒకసారి చూసినవాళ్ళందరికీ అంతేనట. అంత అందగత్తె. బావమరిది నీళ్ళ క్యాను లాడ్జి గదిలోనే వదిలేసి వెళ్ళాడని రిపోర్టు పంపింది కూడా ఆవిడే.

"శనివారం రైలు. అలాగే సార్," అన్నాడు మిరపకాయ.

ఇంటికెళ్ళేసరికి భార్య అతని సంచీ సర్ది పెట్టింది. ఎక్కడికని అడగలేదు. ఆమెకి తెలుసని సంచీలో పైన పెట్టిన ఉన్ని టోపీయే చెబుతోంది.

"మా తమ్ముడు వీధి చివర కొట్టుకెళ్ళినా చేతిలో నీళ్ళ సీసా ఉండేది," అందామె. "అందరూ వాణ్ణి ఆటపట్టించేవాళ్ళు. అలాంటివాడు మే నెలలో ఎడారిలోకి చేతులూపుకుంటూ వెళ్ళాడంటే మీరు నమ్ముతారా?"

"నేనెప్పుడూ నమ్మలేదు."

"మీరు నమ్మకపోతే చాలదండీ. రాసినాయన ఆ మాట కొట్టెయ్యాలి."

అతను శనివారం దాకా ఆగలేదు. బుధవారం సాయంత్రమే మీసం తీసేసి, జీపు డ్రైవరు ఖాకీ చొక్కా తొడుక్కుని బస్సెక్కాడు. క్యాను సంగతి అబద్ధమైతే, ఆ రిపోర్టు పంపిన నెమలి శత్రువు మనిషే. అతని ముఖం ఆమెకి తెలియదు. రాక మాత్రం తెలుసు, చీఫ్ పుణ్యమా అని రైలుతో సహా తెలుసు. ఎవరికీ చెప్పకుండా ముందు వెళ్ళడమొక్కటే అతనికి మిగిలిన దారి.

పార్కుకి రావడం అతనికిది మూడోసారి. మొదటిసారి మే నెల, శవాన్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు. ఆ ఎండకి చెప్పుల అడుగులు మెత్తబడ్డాయి, జింకలు ముళ్ళపొదల నీడలో మూతులు తెరుచుకుని పడి ఉన్నాయి. ఎండాకాలంలో నీళ్ళ క్యాను లేనిదే గేటు గార్డు ఎవర్నీ లోపలికి వదలడు. క్యాను మూతకి తీగ చుట్టి, తనిఖీ గుర్తుగా తారీఖు కొట్టిన రేకు బిళ్ళ బిగిస్తాడు. మీ కుర్రాడి క్యానుకీ నేనే బిగించానని గార్డు దేవుడి మీద ఒట్టేసి చెప్పాడు. గార్డు తన తప్పు కప్పిపుచ్చుకుంటున్నాడని చీఫ్ తేల్చేశాడు. ఆగస్టులో వస్తే అదే నేల మీద చీలమండల దాకా పచ్చగడ్డి, ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో తెలియని కప్పలు. ఇప్పుడు డిసెంబరు. పొద్దున్నే పొగమంచు, చెరువు నిండా వలస కొంగలు, వాటిని చూడ్డానికి టోపీలూ స్వెట్టర్లూ వేసుకున్న పిల్లలు. ఇంత చక్కటి చోట వాణ్ణి దాహంతో చంపారన్న ఆలోచనకి మిరపకాయ దవడ బిగుసుకుంది.

లాడ్జి మేనేజరు చేతిలో నాలుగు నోట్లు పెట్టి, పక్షుల మీద పరిశోధన చేస్తున్నానని చెప్పుకునే ప్రొఫెసర్‌కి జీపు డ్రైవరుగా కుదిరాడు. ప్రొఫెసర్ బక్కపలచటి మనిషి, మెడలో బైనాక్యులర్స్. ఆయన పక్కన నల్ల కళ్ళద్దాలతో, మెడకి పట్టు స్కార్ఫుతో నెమలి. చీఫ్ గొంతు ఎందుకు మెత్తబడిందో మిరపకాయకి అర్థమైంది, ఆయన మీద కోపం ఇంకో గుప్పెడు పెరిగింది.

"డ్రైవర్, ఇసుకలో మా కెమెరా పెట్టె ఒకటి పోయింది," అంది నెమలి. "తవ్వి పెడతావా? డబ్బులిస్తాం."

"తవ్వుతాను మేడమ్. ఎక్కడ పోయింది?"

"ఆ దిబ్బ కింద," అని కంచె పక్కనున్న పెద్ద దిబ్బ చూపించింది.

గురువారం తవ్వాడు, శుక్రవారం తవ్వాడు, శనివారమూ తవ్వాడు. పెట్టె దొరకలేదు. మొదటి రోజే అతనికి విషయం బోధపడింది, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది. రేంజి పక్కన సైన్యం జీపీఎస్ పనిచేయనివ్వదు. అందుకని ఈ మేధావులు మే నెలలో జామర్‌ని పాతిపెట్టి, ఇసుక దిబ్బని ఆనవాలు పెట్టుకున్నారు. అక్కణ్ణుంచి వేసవి గాడ్పులు దిబ్బని కంచె వైపు తోసుకుంటూ పోయాయి. అతను మేలో చూసినప్పుడు దిబ్బకీ కంచెకీ మధ్య జీపు తిరిగేంత జాగా ఉంది. ఆగస్టుకి నడిచేంత మిగిలింది. ఇప్పుడు కంచె స్తంభాలే సగం మునిగాయి. ముఠావాళ్ళూ మూడు సీజన్లూ వచ్చారు, కానీ వచ్చిన ప్రతిసారీ దిబ్బనే చూశారు, కంచెని చూడలేదు. కొత్త జామర్ తెద్దామా అంటే, ఆ చావు తర్వాత గేటు దగ్గర పెద్ద సామాన్లకి స్కానర్ పెట్టారు.

మిరపకాయ నోరు మూసుకుని తప్పుడు చోట్లలో శ్రద్ధగా తవ్వాడు. ఆదివారం తొమ్మిది దాటేదాకా ఇలాగే తవ్వితే చాలు. టెక్నికల్ సెక్షను ఎంతో గొప్పగా చెప్పి ఇచ్చిన ట్రాన్స్‌మిటర్ వాచీలో ఇసుక దూరి మొదటి రోజే చచ్చింది, కాబట్టి సాయానికి ఎవరూ రారు. చేసినవాళ్ళకి అది ఎడారికని చెప్పలేదు కాబోలు.

"లాడ్జిలో కొత్తగా ఒంటరి మనిషెవరైనా దిగాడా?" అని శనివారం సాయంత్రం నెమలి అడిగింది.

"లేదు మేడమ్. ఎవరైనా రావాలా?"

"ఆఁ. దూరపు చుట్టం," అందామె.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి ప్రొఫెసర్ ముఖం పాలిపోయింది. ఇంకో చోట తవ్వమని అరుస్తున్నాడు. నెమలి మాత్రం అరవలేదు. కళ్ళద్దాలు తీసి కంచె వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఆ స్తంభాలు మేలో నిలువెత్తున ఉండేవి," అంది నెమ్మదిగా. "మనం తప్పు చోట వెతుకుతున్నాం. దిబ్బ కదిలింది. ముందుకొచ్చి పెట్టెని మింగేసింది." ఆమె చేయి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళి పిస్టలుతో బయటికొచ్చింది. "డ్రైవర్, దిబ్బ లోపలికి తవ్వు. కంచెకి అడ్డంగా, ఆ మూడో స్తంభానికి ఎదురుగా. తొందరగా."

బుర్రున్న మనిషి శత్రువు వైపే ఎందుకుంటుందో అని తిట్టుకుంటూ మిరపకాయ పార ఎత్తాడు. వర్షాల తడి దిబ్బ లోపల ఇంకా ఆరలేదు, ఇసుక గోడలా నిలిచింది. అతను కావాలనే అడుగున వెడల్పుగా, పైన పలచగా తవ్వుకుంటూ పోయాడు. రోడ్డు కనిపించడానికి నెమలి ఏటవాలు ఎక్కి, సరిగ్గా ఆ గొయ్యి నెత్తి మీద నిలబడింది.

పార దేనికో తగిలింది. చేత్తో ఇసుక తోశాడు. నీలం రంగు ప్లాస్టిక్ క్యాను. నిండుగా ఉంది. మూతకి తీగ, తీగకి రేకు బిళ్ళ, బిళ్ళ మీద మే నెల తారీఖు, వాడు పార్కులోకి వెళ్ళిన రోజుది.

అది బావమరిది క్యానే. వీళ్ళు వాడి దగ్గర నీళ్ళు లాక్కున్నారు. ఆ ఎండలో వాణ్ణి వదిలేసి, రెండో గొయ్యి తవ్వడానికి బద్ధకించి, జామర్ పాతిన గోతిలోనే క్యాను కూడా పడేసి పూడ్చారు. ఒక్క చుక్క తాగనివ్వలేదు. అతనికి ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా ముందు, ఆ ఇద్దరి గొంతులూ నులిమేయాలనిపించింది.

"అదే చోటు," ప్రొఫెసర్ గోతిలోకి దూకాడు. క్యానుని పక్కకి తన్ని, దాని కిందున్న ఇనప్పెట్టెని బయటికి లాగి మూత తెరిచాడు. మీటలు నొక్కగానే లోపల ఎర్ర దీపం వెలిగింది. "పచ్చ దీపం రావాలి. ఒక్క నిమిషం చాలు."

కంచె అవతల సైరను మోగింది. లౌడ్‌స్పీకర్లో అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నారు.

"డ్రైవర్ పని అయిపోయింది," అంది నెమలి, పిస్టలు అతని వైపు తిప్పి. "సాక్షులు మనకి వద్దు."

"కొంగలు దారిలో ఉన్నాయి మేడమ్," అన్నాడు మిరపకాయ. "శనివారం రైలు కాస్త ముందొచ్చింది."

ఆమె కనుబొమలు పైకి లేచాయి. ఆ క్షణంలో అతను పార తిప్పి గోడ అడుగున ఒక్క పోటు పొడిచాడు. దిబ్బ కిందికి జారింది. తూటా ఆకాశంలోకి పోయింది, నెమలి నడుము దాకా ఇసుకలో కూరుకుపోయింది, పిస్టలు ఎక్కడో లోపల పడింది. ప్రొఫెసర్ మోకాళ్ళ మీదికి ఇసుక వచ్చినా పెట్టె వదల్లేదు. పచ్చ దీపం వెలిగింది.

"పది... తొమ్మిది..." అంటోంది లౌడ్‌స్పీకర్.

మిరపకాయ పారకామతో ఆయన మణికట్టు మీద ఒక్కటి వేశాడు. క్యాను తీగ తెంపాడు, మూత తిప్పాడు, నీళ్ళు తెరిచిన పెట్టెలోకి ఒంపాడు. మే నెల నీళ్ళు గుడగుడమంటూ తీగల మధ్యకి దిగాయి. చిటచిటమంది. కాలిన వాసన వచ్చింది. "ఒకటి" అన్న మాటతో పాటు దీపం ఆరిపోయింది.

నేల కంపించింది. కంచె అవతల రాకెట్ తిన్నగా లేచి, వెళ్ళాల్సిన చోటికే వెళ్ళింది. చెరువులో కొంగలన్నీ గోల చేస్తూ లేచాయి. గుడారాల దగ్గర పిల్లలు కేరింతలు కొట్టడం అక్కడిదాకా వినిపించింది.

ప్రొఫెసర్ని ఆయన బైనాక్యులర్స్ పట్టీతోనే కట్టేశాడు. కాల్పుల చప్పుడుకి కంచె దగ్గరి సైనికులు పరుగెత్తుకొస్తున్నారు. నెమలి నోట్లో ఇసుక ఉమ్ముకుంటోంది. ఇప్పటికీ అందంగానే ఉంది, అది వేరే సంగతి.

"కాసిని నీళ్ళివ్వు," అందామె. "నోరంతా ఇసుక."

మిరపకాయ క్యాను మూత గట్టిగా బిగించాడు. లోపల ఇంకా సగం నీళ్ళున్నాయి.

"ఇవి సాక్ష్యం మేడమ్. తాగకూడదు."

మూడో రోజు ఆ క్యానుని తెచ్చి చీఫ్ టేబులు మీద పెట్టాడు. టేబులు మీద ఇసుక రాలింది. రేకు బిళ్ళ పక్కన ఫైలు తెరిచి, కలం మూత తీసి చేతికిచ్చాడు. చీఫ్ బిళ్ళ మీద తారీఖు చూశాడు, నెమలి రిపోర్టు తలుచుకున్నాడు కాబోలు, ముఖం వాడిపోయింది. ఆ వాక్యాన్ని కొట్టేసి, "విధి నిర్వహణలో శత్రువు చేతిలో మరణం" అని రాసి సంతకం పెట్టాడు.

"ఇక ఫోన్ చేసి చెప్పండి సార్. మా ఇంటికి."

"నేనెందుకయ్యా, నువ్వే చెప్పొచ్చుగా."

"రాసింది నేను కాదు."

చీఫ్ ఫోన్ ఎత్తాడు. మిరపకాయ స్పీకరు మీట నొక్కాడు. "అమ్మా, మీ తమ్ముడు నీళ్ళు తీసుకెళ్ళాడు. ఆయన తప్పేమీ లేదు. మాదే పొరపాటు."

అవతలి గొంతు స్పీకర్లో గదంతా వినిపించింది. "వాడి సంగతి మాకు మొదట్నుంచీ తెలుసండీ. మీకు తెలియాలనే మా ఆయన అంతదూరం వెళ్ళొచ్చారు." ఫోన్ పెట్టేసిన చప్పుడు. మిరపకాయ కళ్ళు తుడుచుకుని క్యాను చేతిలోకి తీసుకున్నాడు.

చీఫ్ కాసేపు కుర్చీలో ఇటూ అటూ కదిలి, వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు. ఎప్పుడూ చేసే తప్పే అది. "ఆ పార్కు టీవీలో చూసి మా ఆవిడ ఒకటే గొడవ, వెళ్దాం వెళ్దాం అని. అన్ని సీజన్లూ చూసినవాడివి నువ్వేగా. ఎప్పుడు వెళ్తే బాగుంటుందంటావ్?"

మిరపకాయ తలుపు దగ్గర ఆగి, నిజంగానే ఆలోచించాడు.

"ఆవిణ్ణి డిసెంబర్లో పంపండి సార్," అన్నాడు. "మీకు మాత్రం మే నెల బాగుంటుంది."