దివాకర్ చెయ్యి ఆగిన రోజు

నల్గొండ బత్తాయి మార్కెట్లో కాయలు ఏరే దివాకర్ విసిరిన కాయ తప్పు కుప్పలో పడడమనేది లేదు. సూర్యుడైనా ఒకనాడు నిద్రమత్తులో పడమట పొడుస్తాడేమో గానీ, వాడి చెయ్యి తప్పదు. పెద్ద కాయ ఎడమకు, నడిమి కాయ ముందుకు, మంగు పట్టి తోలు మచ్చలైన కాయ కుడికి. రెప్ప వేసేలోగా మూడు కాయలు మూడు దిక్కులకు పోతాయి. ఒకసారి తుమ్ములు ఆగకపోతే, తుమ్ముతూనే సగం ట్రాలీ ఏరిపారేశాడని చెప్పుకుంటారు.

చెప్పుకునేది ఎక్కువగా దివాకరే.

ఆ గొప్పంతా మర్రిగూడ రైతు కృష్ణయ్య ట్రాలీ ఆటో వచ్చిన పూట దిగిపోయింది. ముందు సీట్లోంచి ఆయన బిడ్డ మమత దిగింది. డిగ్రీ పూర్తిచేసి, పోటీ పరీక్షలకు చదువుకుంటూ, కాయ అమ్మే రోజున తండ్రికి తోడు వస్తుంది. కుప్పల పక్కన చేతులు కట్టుకుని నిలబడి చూసింది.

"ఓ సారూ, గా కాయ తప్పేసినవ్."

"నేనా? మేడం, నా సర్వీసుల మిస్టేకే లేదు."

"మరి చెయ్యెందుకు ఆగింది?"

"ఆగిందా?"

"మంచి కాయను మంగు కాయలల్ల ఏసినవ్. ఎంటనే చెయ్యి జర ఆగింది. దాని తర్వాత కాయను నిమ్మళంగ ఏసినవ్. నీ చెయ్యికి ఎరుకైంది, నీకే ఎరుక కాలే."

దివాకర్ నవ్వబోయి, వంగి చూశాడు. మంగు కాయల మధ్య నిగనిగలాడే పెద్ద కాయ ఒకటి, అత్తారింట్లో అలిగిన అల్లుడిలా కూర్చుని ఉంది.

"గిది... పైకెల్లి దొర్లింది."

"నిన్ను దాటుకోని దొర్లిందా? హుషారు కాయనే!"

హమాలీలు బస్తాలు దించి మరీ నవ్వారు.

ఆనాటి నుంచి మమత వచ్చిన ప్రతిసారీ వాడి తప్పులు పెరిగాయి. ఆమె రానినాడు చెయ్యి రైలులా పోయేది. ఆమె చున్నీ అంచు కనపడిందా, కాయలకు దారి తెలిసేది కాదు. తప్పు చూపిస్తే మాట్లాడుతుంది కదా అని, ఒకరోజు కావాలనే ఒక కాయను కుడికి విసిరాడు.

"గిది దొంగ తప్పు" అంది మమత.

"ఎట్ల తెలిసె?"

"చెయ్యి ఆగలే. నిజం తప్పు చేస్తే ఉలిక్కిపడ్తవ్. దొంగ తప్పు చేస్తే పండ్లికిలిస్తవ్."

దివాకర్ పళ్లు గబుక్కున మూసుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మింది. కాయ దిగింది, కృష్ణయ్య ట్రాలీలో కూర్చుని హారన్ కొడుతున్నాడు. మమత మాత్రం కదలలేదు. ఆ రోజు వెక్కిరింత లేదు, నవ్వు లేదు.

"నార్కట్‌పల్లి సంబంధమొకటి వచ్చింది. పిలగానికి జాబుంది. ఇంటికి పోంగనే బాపు ఫోన్ చేసి మాటిస్తడు. నన్ను ఒప్పుకోమంటవా?"

ప్రపంచంలో ఏదడిగినా రెప్పపాటులో తేల్చేసే మనిషి కదా!

"మంచి సంబంధమే గద. ఒప్పుకో" అనేశాడు.

అనగానే చెయ్యి ఆగింది. ఆగడం అంటే అట్లా ఇట్లా కాదు. పిడికిట్లో కాయ ఎడమకు పోదు, కుడికి పోదు. కుప్పలోని కాయలు జారి కాళ్ల మీద పడుతున్నా వాడికి తెలియలేదు.

మమత ఆ చెయ్యి వైపు చూసింది.

"ఈ తప్పు మాత్రం నేను చూపియ్య" అని ట్రాలీ ఎక్కేసింది.

బండి కదిలింది. అప్పుడే వాన దబదబ మొదలైంది. దివాకర్ కాయలు తొక్కుతూ, జారుతూ, గేటు దాకా ఉరికాడు.

"కాకా! ఓ కృష్ణయ్య కాకా, ఆగు!"

తన కేక తన చెవిన పడగానే నాలుక కరుచుకున్నాడు. కాకా బిడ్డ ఏమవుతుంది? చెల్లెలవుతుంది!

"కాదు కాదు! మామా! ఓ మామా, ఆగు!"

ట్రాలీ కీచుమని ఆగింది. కృష్ణయ్య తల బయటికి పెట్టాడు.

"ఏందిరా, ఒక్క గుక్కల నా వరస మారిస్తివి?"

"కాకా అన్నది తప్పు మామా. గామెను ఒప్పుకోమన్నది అంతకన్న పెద్ద తప్పు. నోరు ముందు ఉరికింది, బుద్ధి ఎనక వచ్చింది."

"వచ్చి ఏమన్నది నీ బుద్ధి?"

"మమతంటే నాకు పానం. గా ఫోన్ చెయ్యకు మామా."

కృష్ణయ్య బిడ్డ వైపు తిరిగాడు. "వీడు దినాం తప్పులు చేస్తడంటివి. ఇదేం తప్పు బిడ్డా?"

మమత చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుంది. "ఇది తప్పు కాదు బాపూ. నేనే ఆపమందామనుకున్న, నువ్వు బండి ఉరికిస్తివి."

కృష్ణయ్య కాసేపు స్టీరింగ్ గీకాడు. "సరే. ఐతారం నాడు మీ బాపును తోల్కొని ఇంటికి రా. వచ్చేలోగ మళ్ల కాకా అన్నవో, కాళ్లిరుగుతయ్!"

ఇదీ జరిగింది. వాన మాత్రం పడలేదు. ఆనాడు ఎండ పెనంలా కాలింది, వాడి ఒంటి మీద కారింది చెమటే. ప్రేమ కథలో తడవకపోతే పడుచువాళ్లు పేజీ తిప్పేస్తారని నాలుగు చినుకులు చల్లవలసి వచ్చింది. మర్రిగూడ రైతులెవరైనా ఇది చదివితే, ఆ వానేదో మార్కెట్ గేటు మీద కాక మా చేను మీద చల్లకపోతివా అని తిడతారు. తిట్టనీ.