మింగిన తర్వాతే సంతకం

"నాలుగ్గంటల దాకా ఆయమ్మ బతికుండాల. నీ పని అంతే కృపమ్మా," అన్నాడు మల్లికార్జున.

షెఫీల్డ్‌లోని ఒక వృద్ధుల కేర్ హోమ్ కార్ పార్క్‌లో, బ్రాడ్‌బ్యాండ్ రిపేర్ల వ్యాన్‌లో కూర్చుని బ్రీఫింగ్ ఇస్తున్నాడు. మెడలో ఐటీ బ్యాడ్జ్, మాటలో కర్నూలు. బ్రిటిష్ గూఢచారి శాఖలో ఇరవై ఏళ్ల సర్వీసు. ఎదురుగా ఉన్న కృపామణికి రెండేళ్లే. అసలు ఆమె గుంటూరు నుంచి వచ్చిన నర్సు. కేర్ హోమ్‌లో ఇండియన్ నర్సు ముఖాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు కాబట్టి, అంతకు మించిన మారువేషం లేదని శాఖవారు చేర్చుకున్నారు. ధైర్యం ఉందా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే లేదనే చెప్పేది.

ఆ "ఆయమ్మ" పేరు జర్ఘూనా. ఒకప్పుడు కాబూల్‌లో జడ్జి. తాలిబాన్లు తిరిగి గద్దెనెక్కగానే జైలు తలుపులు తెరుచుకున్నాయి. ఆమె శిక్ష వేసినవాళ్లు బయటికొచ్చి ముఠా కట్టి, ముందుగా ఆమె ఇల్లే వెతికారు. ఆమె ఎలాగో బ్రిటన్ చేరింది, వాళ్లు వెతకడం మాత్రం ఆపలేదు. ఆరో తరగతి దాటిన ఆడపిల్లకు బడి లేని ఆ దేశంలో, వెనక గదుల్లో దొంగచాటుగా పాఠాలు చెప్పే నలభై ముగ్గురు టీచర్లను ఇక్కడి నుంచే కూడగట్టింది. వాళ్ల పేర్లు కాగితం మీద లేవు, ఫోన్‌లో లేవు. ఆమె బుర్రలోనే ఉన్నాయి. పక్షవాతంతో పోయిన మాట ఈ వారమే తిరిగొచ్చింది. నాలుగింటికి ఆఫీసర్ వచ్చి ఆ పేర్లు రాసుకుంటే, వాళ్లను బయటికి తెచ్చే దారి దొరుకుతుంది. ఈలోపు ఆమె పోతే వాళ్ల సంగతి అంతే.

"గుమ్మం దగ్గర ఇద్దరు పోలీసుల్ని పెట్టొచ్చు కదండీ?"

"పెట్టరు. కాబూల్ నుంచి వచ్చినోళ్లతో లండన్‌లో మాటలు నడుస్తాండాయి. నిన్నటిదాకా టెర్రరిస్టులు, ఈ పొద్దు ఎక్సలెన్సీలు. వాళ్లు యాడ నొచ్చుకుంటారో అని పైవోళ్లకు భయం."

"మరి నా భయం సంగతేంటండీ?"

"నీకు రోషన్ తోడుండాది కదమ్మా. ఏమన్నా అయితే ఆ వాచీ మూడుసార్లు నొక్కు. నేను నిమిషంలో పైనుంటా."

కృపామణి యూనిఫాం మీద తలకిందులుగా వేలాడే నర్సు వాచీలో శాఖవారు ట్రాన్స్‌మిటర్ పెట్టారు. రోషన్ కూడా శాఖ మనిషే. కాబూల్‌లో ఆరేళ్లు, కోవెంట్రీలో రెండేళ్లు నర్సుగా చేసిందని ఫైల్లో ఉంది. ఏజెన్సీ పంపిన తాత్కాలిక నర్సు వేషంలో రెండు వారాలుగా ఇక్కడే ఉంటోంది. ఆ నీలం యూనిఫాం అందరికీ గోనెసంచిలా ఉంటే, రోషన్‌కు మాత్రం కొలత తీసి కుట్టినట్టు ఉండేది. ఆమె కారిడార్‌లో నడిస్తే తొంభై ఏళ్ల తాతలు కూడా జుట్టు సర్దుకునేవారు. ఆమె పక్కన ఉంటే కృపామణికి కొండంత ధైర్యంగా ఉండేది.

మధ్యాహ్నం మూడు నలభై. పై అంతస్తులో జడ్జిగారి గది.

"నువ్వెళ్లి టీ తాగు కృపా. పొద్దుటి నుంచి కూర్చోలేదు. మందులు నేనిస్తాలే," అంది రోషన్ ఇంగ్లిష్‌లో.

కూర్చోని మాట నిజమే. కృపామణి గుమ్మం దాకా వెళ్లింది. పక్కనే ట్రాలీ మీద జడ్జిగారి మందుల చార్ట్ తెరిచి ఉంది. అలవాటుగా దాని మీదికి చూపు పోయింది. నాలుగు గంటల గడిలో రోషన్ సంతకం అప్పుడే పడిపోయి ఉంది.

ఆమె గుమ్మంలోనే ఆగింది.

మందు గొంతు దిగేదాకా చార్ట్ మీద పెన్ను పెట్టకూడదు. ఈ దేశంలో నర్సుకు మొదటి రోజే నూరిపోసే పాఠం అది. ఆఫీసుల్లో ముందు సంతకం, తర్వాత పని. ఆసుపత్రిలో సరిగ్గా దానికి తలకిందులు. ఎనిమిదేళ్లు నర్సుగా చేసిన చేయి, చంపినా ఆ తప్పు చేయదు.

అంటే రోషన్ నర్సు కాదు. ఫైల్లో ఉన్నది అబద్ధం. మరి ఆ అబద్ధం ఎవరి కోసం?

కృపామణి వాచీ నొక్కింది. ఒకటి, రెండు, మూడు. కింద వ్యాన్‌లో చలనం లేదు. పాతకాలపు రాతిగోడలు సిగ్నల్‌ను మింగేశాయి. జడ్జిగారు మందుల కప్పు పెదాల దాకా ఎత్తారు. రోషన్ కుడిచేయి జేబులో ఉంది. ఆ జేబులో ఉన్నది పిస్టలే అనుకుంది కృపామణి. అరిస్తే ఇద్దరినీ చంపుతుంది. అరవకపోతే ఒకరు పోతారు, ఆ వెనకే నలభై ముగ్గురు. యేసయ్యా, యేసయ్యా అనుకుంటూ అత్యవసర గంట కోసం గోడకు వేలాడుతున్న ఎర్ర తాడు పట్టుకుని లాగింది.

బిల్డింగంతా అలారం మోగింది.

"మెడికేషన్ ఎర్రర్!" అని గొంతు చించుకుంది.

మందుల్లో పొరపాటు అన్న ఆ మాటకు వచ్చినంత వేగంగా బాంబు అన్నా వచ్చేవారు కాదేమో. మేనేజర్ జూలీ, ఇద్దరు కేరర్లు, చేతిలో గరిటెతో వంటావిడ గుమ్మంలోకి విరుచుకుపడ్డారు. జూలీ జడ్జిగారి పెదాల మీదున్న కప్పును లాక్కుని చార్ట్ చూసింది. "రెండు తెల్ల మాత్రలు ఉండాలి. మూడున్నాయేంటి? సంతకం ఎవరిది?"

నలుగురి ముందు రోషన్ జేబులోంచి చేయి తీసింది. అందులో పిస్టల్ లేదు. ఫోన్ ఉంది. స్క్రీన్ మీద నేల మీద కూర్చోబెట్టిన ఒక ముసలావిడ, ఆమె తల వెనక తుపాకి గొట్టం.

"మా అమ్మ. ఆ జైలు ముఠా చేతిలో ఉంది. నర్సునని అబద్ధం రాయించి నన్ను ఇక్కడికి పంపింది వాళ్లే. నాలుగింటిలోగా పని పూర్తి చేయమన్నారు," అని రోషన్ నేల మీద కూలబడింది. ఆ అందమంతా ఒక్క నిమిషంలో కరిగిపోయి, ఎవరింటి బిడ్డో ఏడుస్తున్నట్టు ఏడ్చింది. కృపామణికి కోపం రావలసింది, రాలేదు. తన తల్లి గుర్తొచ్చింది.

జడ్జిగారు రోషన్ వైపు తిరిగారు. తర్వాత వంకరపోయిన నోటితో ఒక్క ప్రశ్న అడిగారు. రోషన్ జవాబు చెప్పింది.

నాలుగింటికి ఆఫీసర్ వచ్చాడు. అలారం విని పైకొచ్చిన మల్లికార్జున రోషన్‌ను వెనక మెట్ల మీదుగా తీసుకెళ్లాడు. జడ్జిగారు తడబడుతూ, ఆగుతూ, ఒక్కొక్క పేరే చెప్పారు. నలభై మూడు అయ్యాక ఆఫీసర్ పెన్ను మూయబోయాడు.

"ఇంకొకటి," అన్నారామె. "ముందు దీన్ని రాసుకో. మిగతావాళ్లకు రోజులున్నాయి. ఈమెకు గంటలే. జోహ్రా, హెరాత్."

"ఈవిడ ఏం చెబుతారు మేడమ్? లెక్కలా, సైన్సా?"

"నన్ను చంపడానికి వచ్చిన పిల్లకు తల్లి."

ఆఫీసర్ జోహ్రా పేరును అన్నిటికన్నా పైన రాసి, ఫోన్ తీసుకుని బయటికి పరిగెత్తాడు.

ఆరు గంటల వార్తల్లో, కాబూల్ ప్రతినిధులతో చర్చలు స్నేహపూర్వకంగా సాగాయని చెప్పారు. ఎవరికీ చిన్న అసౌకర్యం కూడా కలగలేదట.