గుమ్మడికాయకు ఐదువందల పాయింట్లు

ఉదయం ఆరున్నరకు పత్తికొండ రోడ్డు మీద దేవేంద్రప్ప చచ్చిపోయాడు. అదే నిమిషంలో డోన్‌లోని ఒక ఏసీ గదిలో లారీ డ్రైవర్ ఉరుకుందు టీవీ తెరమీద ఒక గుమ్మడికాయను పగలగొట్టి ఐదువందల పాయింట్లు కొట్టాడు. గదిలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. కంపెనీవాళ్లు అప్పటికప్పుడే అతనికి ఒక మిక్సీ బహుమతిగా ఇచ్చారు.

దేవేంద్రప్ప రక్షణ శాఖ ల్యాబ్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. పొద్దున వాకింగ్‌కు పోవడం, మధ్యాహ్నం పైవాళ్లకు ఉత్తరాలు రాయడం ఆయన పనులు. ఆఖరి ఉత్తరంలో డోన్‌లో కొత్తగా వెలిసిన వీడియో గేమ్ కంపెనీ మీద తనకు అనుమానంగా ఉందని రాశాడు. ఆ ఉత్తరం చేరాల్సిన చోటికి చేరింది, చేరకూడని చోటికీ చేరింది. వెనకనుంచి మోకాలెత్తున ఏదో వచ్చి గుద్ది, నలభై అడుగులు ఈడ్చుకుపోయింది. టమాటా ఆటోలు బారులు తీరే రోడ్డు అది. గుర్తు తెలియని వాహనం అని రాసేసి పోలీసులు టిఫినుకు పోయారు.

మూడో రోజు ఏజెంట్ ఏసుకుమార్ కర్నూలులో ఒక బైబిళ్ల దుకాణంలోకి అడుగుపెట్టాడు. కౌంటర్ దగ్గర తెల్లచొక్కా పెద్దమనిషి పాటల పుస్తకాలకు అట్టలు వేస్తున్నాడు.

"టమాటా ధర ఎట్లుండాది?" అని అడిగాడు ఏసుకుమార్.

"పారబోస్తాండారు."

కోడ్ కుదిరింది. పెద్దమనిషి లేచి షట్టర్ సగం దించాడు. ఆయనే చీఫ్ గాబ్రియేలు. చర్చి సంఘంలో పెద్ద, గొంతు పెంచి ఎరగడు. ఆయన కింద పనిచేస్తూ ముగ్గురు ఏజెంట్లు చచ్చిపోయారు. ముగ్గురి సంతాప కూటానికీ ఆయనే దగ్గరుండి ప్రార్థన చేయించి, నిజంగానే కన్నీళ్లు పెట్టుకుని, మర్నాడు నాలుగోవాణ్ణి పంపాడు.

బ్రీఫింగ్ పది నిమిషాల్లో ముగిసింది. గేమ్ పేరు గిర్రు కార్ట్స్. వచ్చే దసరాకు రిలీజ్ అని ఊరంతా పోస్టర్లు అంటించారు. చిన్న చిన్న కార్ట్ బండ్లు, వాటిని తోలే కుందేళ్లు, ఎలుగుబంట్లు. ఆడేవాడి స్టీరింగు దేనికీ బిగించి ఉండదు. రెండు చేతుల్లో గాలిలో పట్టుకోవాలి. లోపల మోషన్ సెన్సర్లుంటాయి కాబట్టి స్టీరింగు ఎటు వంచితే కార్ట్ అటు తిరుగుతుంది. టెస్టింగ్ కోసం ఆరుగురు లారీ డ్రైవర్లను జీతానికి పెట్టుకున్నారు.

అసలు సంగతేమిటంటే ఆ కార్ట్‌లు తెరమీద మాత్రమే లేవు, రోడ్డు మీదా ఉన్నాయి. మోకాలెత్తు బండి, ముందు కెమెరా. కెమెరా చూసినదానికి కంప్యూటర్ బొమ్మల రంగులు పూస్తుంది. తోలేవాడికి తెలిసేది ఆటే.

"దేవేంద్రప్పకు గుమ్మడికాయ రంగేసినారు," అన్నాడు గాబ్రియేలు.

ఈ పని నడిపిస్తున్నది కాన్రాడ్ అనే విదేశీయుడు. అతని మనుషులే ముందు తోలి చూశారు. సీమ గుంతల రోడ్ల మీద, అడ్డంగా వచ్చే గొర్రెల మందల మధ్య రెండు కార్ట్‌లు బోల్తా కొట్టించారు. ఆ రోడ్ల మీద ఇరవై ఏళ్లు అరిగిన చేతులే కావాలని అప్పుడు అర్థమైంది. దేవేంద్రప్ప మీద చేసింది ట్రయల్. అసలు పని వచ్చే శుక్రవారం. ఉదయం పది నలభైకి ల్యాబ్ షిఫ్ట్ వ్యాన్ డోన్ నుంచి బయలుదేరి పోతుంది. అందులో ఇరవై ఇద్దరు. కార్ట్ ఎదురుగా వచ్చి గుద్దుతుంది. దాని కడుపులో అరవై కిలోల మందుగుండు. గేమ్‌లో ఆ వ్యాన్ క్యారెట్ బండిగా కనిపిస్తుంది. గుద్దితే ఐదువేల పాయింట్లు.

వ్యాన్‌నే ఆపేస్తే పోదా అని ఏసుకుమార్ అడిగాడు. ఆపితే కాన్రాడ్ మాయమైపోతాడు, ఇంకో ఊళ్లో ఇంకో ఆట పెడతాడు అన్నాడు గాబ్రియేలు. కార్ట్‌కు సిగ్నల్ అందించే రిలే వ్యాన్ రెండు కిలోమీటర్ల లోపలే ఉండాలి. అందులో కాన్రాడ్ స్వయంగా కూర్చుంటాడు. రిలే ఆన్ కాగానే అది ఎక్కడుందో చూపించే వాచీ ఒకటి ఏసుకుమార్ చేతికి తొడిగాడు. కీ నొక్కితే కార్ట్ ఆగిపోతుంది. లోపల మన మనిషి ప్రసన్నకుమారి మేనేజర్‌గా ఉంది, సాయం చేస్తుంది.

"తోలేది ఉరుకుందు. వాని పెండ్లాము మహాదేవి ల్యాబ్ క్యాంటీన్‌లో వంటమనిషి. శుక్రవారం ఆ వ్యాన్‌లోనే పోతాది."

ఏసుకుమార్ చీఫ్ ముఖం చూశాడు. "వానికి చెప్పేదా సార్?"

"చెప్తే వాని చెయ్యి వణుకుతాది. కాన్రాడ్ పసిగడతాడు. చెప్పొద్దు."

షట్టర్ ఎత్తేముందు గాబ్రియేలు కళ్లు మూసుకుని అతని ప్రయాణం కోసం చిన్న ప్రార్థన చేశాడు.

టిప్పర్ డ్రైవర్ వేషానికి పెద్దగా మేకప్ అవసరం పడలేదు. బద్వేలు ఎండలో పెరిగినవాడికి పగిలిన మడమలు పుట్టుకతోనే వచ్చినట్టు ఉంటాయి. పేరు కూడా మార్చలేదు, ఆ పక్క ఏసుకుమార్‌లు వీధికి ఇద్దరుంటారు. టెస్టర్‌గా చేరిన రోజే ప్రసన్నకుమారిని చూశాడు. నల్లకళ్లద్దాలు, పట్టు చుడీదారు, ఆమె నడిచిపోయాక కూడా గదిలో మిగిలే సెంటు. డ్రైవర్లు ఆమె ఎదుట బీడీలు జేబుల్లో దాచుకునేవారు.

ఉరుకుందు తనే పిలిచి ఏసుకుమార్‌ను ఇంట్లో పెట్టుకున్నాడు. డోన్‌కు పన్నెండు కిలోమీటర్ల దూరంలో, ల్యాబ్ రోడ్డు మీదే ఊరు. మొదటి రోజే మహాదేవి బొరుగులతో ఉగ్గాని చేసి, కొత్త మిక్సీలో పల్లీల పచ్చడి రుబ్బి పెట్టింది.

"గుమ్మడికాయ పగలగొట్టి గెలిచిన మిక్సీ అప్పా ఇది," అన్నాడు ఉరుకుందు. "రోంత వంకర పోయింది గానీ, వెనకాలనుంచి సూటిగా తగిలిచ్చినా. అది ఎగిరి పడింది జూడూ..."

మహాదేవి నవ్వింది. ఏసుకుమార్ చేతిలోని ముద్దను కంచంలో పెట్టేశాడు. ఉప్పు ఎక్కువైందా అని ఆమె అడిగితే, కాదు, కారమని అబద్ధమాడాడు.

రోజూ ఇద్దరూ ఒకే బైకు మీద డోన్ పోయేవారు. దారిలో ఒక మలుపు ఉంది. ఎడమ పక్క కుంకుమ పూసిన ఈరన్న దేవుడి రాయి, కుడి పక్క పాడుబడ్డ నాపరాళ్ల క్వారీ. ఆ మలుపులో ఉరుకుందు హ్యాండిల్ మీద నుంచి రెండు చేతులూ ఎత్తి కళ్లకు అద్దుకునేవాడు. బైకు దాని దారిన అది పోయేది. మొదటిసారి ఏసుకుమార్ కెవ్వుమనబోయి ఆపుకున్నాడు. తర్వాత తిట్టాడు.

"ఈరన్న ఉండాడు గదప్పా, హ్యాండిలు ఆయప్ప పట్టుకుంటాడు," అన్నాడు ఉరుకుందు. "ఉరుకుందు ఈరన్న అంటారు గదా, ఆయన పేరే నాకు పెట్టినారు. ఇరవై ఏండ్లుగా లారీలోనూ ఇంతే, స్టీరింగు తాకి కండ్లకద్దుకోకుండా ఈ మలుపు దాటింది లేదు."

ఏదో ఒక రోజు ఆ క్వారీలో పడి చస్తావని ఏసుకుమార్ అన్నాడు. ఉరుకుందు పట్టించుకోలేదు. ఏసుకుమార్‌కు మాత్రం ఆ మనిషి మీద రోజురోజుకూ ప్రేమ పెరిగింది, ఆ ప్రేమతో పాటు చీఫ్ మీద కోపమూ పెరిగింది. గూఢచారికి రెండూ పనికిరాని సరుకులే.

శుక్రవారం వచ్చింది. మహాదేవి టిఫిన్ క్యారియర్ కట్టుకుని, దారిలో ఎక్కడా ఆగని పది నలభై వ్యాన్ ఎక్కడానికి వాళ్లతోపాటే డోన్ వచ్చింది. సాయంత్రం వచ్చేటప్పుడు ఉల్లిగడ్డలు తెమ్మని మొగుడికి చెప్పి దిగిపోయింది.

టెస్టింగ్ గదిలో ఆ పూట ముగ్గురే ఉన్నారు. తెర ముందు నిలబడి ఉరుకుందు, వెనక సోఫాలో ఏసుకుమార్, అతని పక్కన ప్రసన్నకుమారి. స్పీకర్లలో గేమ్ మ్యూజిక్ చెవులు పగిలేలా మోగుతోంది. పది ముప్పై ఐదుకు రిలే ఆన్ అయ్యింది. వాచీ మీద ఎర్రచుక్క వెలిగింది. ఈరన్న మలుపు, కుడి పక్క, క్వారీ అడుగున. ఏసుకుమార్ వేలు వాచీ కీ మీదికి పోయింది. అప్పుడే ఒక హ్యాండ్‌బ్యాగ్ అతని పక్కటెముకలకు ఆనింది. లోపల గట్టిగా, గుండ్రంగా ఏదో ఉంది.

"వాచీ ఇటివ్వు ఏసూ," అంది ప్రసన్నకుమారి మెల్లగా. "దాన్ని సెలెక్ట్ చేసిన కమిటీలో నేను కూడా ఉన్నాను. సైలెన్సర్ ఉంది, మ్యూజిక్‌లో వినపడదు."

ఇచ్చాడు. దేవేంద్రప్ప ఉత్తరం ఎవరి చేతిలోంచి కాన్రాడ్‌కు పోయిందో అప్పుడు తెలిసింది. ఎందుకు చేశావని అడిగాడు.

"మీ చీఫ్ కింద పనిచేసినవాళ్లకు చివరికి దక్కేది ఏమిటి? ప్రార్థన. నాకు ప్రార్థన వద్దు."

ఆమె బ్యాగ్ అతనివైపే గురిపెట్టుకుని లేచి వెళ్లి ఉరుకుందు భుజం తట్టి, స్టార్ట్ బటన్ తనే నొక్కి, వెనక్కి వచ్చి కూర్చుంది. బ్యాగ్ మళ్లీ అదే ఎముక మీదికి వచ్చింది. తెరమీద చాక్లెట్ రంగు రోడ్డు విచ్చుకుంది. చెవులు ఊపుకుంటూ కుందేలు బయలుదేరింది. ఉరుకుందు స్టీరింగును గాలిలో పట్టుకుని ఒళ్లంతా వంచి తోలుతున్నాడు. గుంతలు తప్పిస్తున్నాడు, గొర్రెల మందను తప్పించాడు. గొర్రెలు తెరమీద దూది మూటల్లా ఉన్నాయి. అరవై కిలోల మందుగుండు కుదుపు లేకుండా పోతోంది. ఆ రోడ్డును అంత చక్కగా తోలగలవాడు జిల్లాలో ఇంకొకడు లేడు.

పది నలభై ఆరు. తెర మూలన క్యారెట్ బండి గుర్తు వెలిగింది. మలుపుకు అటు పక్కన వ్యాన్ వస్తోంది.

నీ పెండ్లాము అందులో ఉందని అరుద్దామా? రెండో మాటకు ముందే గుండు దిగుతుంది. మొదటి మాట ఉరుకుందుకు అర్థం కూడా కాదు. ఏసుకుమార్ తెర వైపు చూశాడు. మలుపు దగ్గరపడుతోంది. ఎడమ పక్క లాలీపాప్ చెట్లున్నాయి. ఈరన్న రాయి లేదు. ప్రతి గుంతనూ కొలిచి గీసిన కాన్రాడ్ కంప్యూటర్, ఆటకు పనికిరాదని ఆ రాయిని చెరిపేసింది. ఉరుకుందు తనెక్కడున్నాడో గుర్తుపట్టలేదు.

ఏసుకుమార్ పక్కవాడి ఆట చూసి ఉత్సాహపడ్డవాడిలా గొంతు పెంచాడు.

"ఉరుకుందన్నా, ఈరన్న మలుపు గదా ఇది. మొక్కకుండానే పోతాండావే?"

ప్రసన్నకుమారి కనుబొమలు ముడిపడ్డాయి. ఆమె హైదరాబాదులో పుట్టి పెరిగిన మనిషి. ఆ మాటలో ప్రమాదమేమిటో వెతకడానికి ఆమెకు ఒక సెకను పట్టింది.

ఉరుకుందుకు ఆ సెకను కూడా పట్టలేదు. లారీలో అయితే స్టీరింగు దాని చోట అది ఉంటుంది, తాకిన చెయ్యి మాత్రం కళ్లకు పోతుంది. ఇక్కడ స్టీరింగు చేతుల్లోనే ఉంది. తప్పు చేసినవాడిలా నాలిక కరుచుకుని, దాన్ని రెండు చేతులా ఎత్తి, పక్కకు వంచి, ముందు కుడికంటికి అద్దుకున్నాడు.

లోపలి సెన్సర్లకు భక్తి తెలియదు. పూర్తిగా కుడికి, అని చదువుకున్నాయి.

ఎడమకన్ను దాకా రానేలేదు. కుందేలు రోడ్డు దిగి కుడి పక్కకు ఎగిరింది. క్వారీ అడుగున రిలే వ్యాన్ తలుపు తెరుచుకుని కూర్చున్న కాన్రాడ్ తల ఎత్తి చూసి ఉంటాడు. అతనికి కుందేలు కనిపించే అవకాశం లేదు, రంగు పూయని బండే కనిపించి ఉంటుంది.

తెర తెల్లబడింది. గేమ్ ఓవర్ అని వచ్చింది. ప్రసన్నకుమారి చూపు ఒక్క క్షణం తెరమీదికి పోయింది. ఏసుకుమార్ బ్యాగ్‌తో సహా ఆమె మణికట్టును వెనక్కి విరిచాడు. ఎముక విరిగిన చప్పుడు మ్యూజిక్‌లో కలిసిపోయింది. ఫైర్ సేఫ్టీ తనిఖీ అంటూ గాబ్రియేలు మనుషులు లోపలికి వచ్చారు. కంపెనీ దొంగదని, మేడమ్ కూడా దొంగేనని ఉరుకుందుకు చెప్పారు. అతను స్టీరింగును ఇంకా విదిలిస్తూనే ఉన్నాడు.

కార్ట్ పేలినప్పుడు మలుపుకు అటు పక్కనే ఉన్న షిఫ్ట్ వ్యాన్‌లో ఇరవై ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు. ఎవరో పక్క క్వారీలో రాళ్లు పేలుస్తున్నారనుకున్నారు. ఆ పక్క రోజూ పేలేవే. మహాదేవి టిఫిన్ క్యారియర్ దొర్లకుండా పట్టుకుంది.

గాబ్రియేలు కారులో కూర్చుని రిపోర్టు విన్నాడు. ప్రసన్నకుమారి చెడిపోయిందని తనకు నెల క్రితమే అనుమానం వచ్చిందని చెప్పాడు.

"నాకు యాల చెప్పలేదు సార్?"

"నీకు అబద్ధం దాచేది రాదు ఏసూ. ముఖంలో కనపడిపోతాది."

"నేను ఆపలేకపోయింటే?"

గాబ్రియేలు సీటు మీద ఉన్న ఫైలు తెరిచి చూపించాడు. ఇరవై మూడు సంతాప లేఖలు, టైపు చేసి, సంతకాలు పెట్టి ఉన్నాయి. మూడోది మహాదేవి మొగుడికి. ఇరవైమూడోది బద్వేలులో ఉన్న ప్రేమమ్మకు. ప్రేమమ్మ ఏసుకుమార్ తల్లి.

"దేవుని కృప, పనికి రాకుండా పోయినాయి," అన్నాడు చీఫ్ మనస్ఫూర్తిగా.

దేవేంద్రప్ప సంగతి ఉరుకుందుకు ఏ జన్మలోనూ తెలియకూడదని కూడా ఆయన ఆర్డర్ వేశాడు. ఈసారి ఏసుకుమార్ ఎదురు చెప్పలేదు.

సాయంత్రం మహాదేవి ఇంటికి వచ్చింది. ఉల్లిగడ్డలు తేలేదని మొగుణ్ణి తిట్టింది. ఉరుకుందు గోడకు ఆనుకుని దిగాలుగా కూర్చున్నాడు.

"ఐదువేల పాయింట్లప్పా. క్యారెట్ బండి ముందరే ఉండాది. ఒక్క నిమిషం మొక్కకుండా ఉండింటే గుద్దేసేవాణ్ణి."

"కానీలే అన్నా," అన్నాడు ఏసుకుమార్. "ఈరన్నకు ఇష్టం లేదేమో."

"మల్ల ఆ గుమ్మడికాయ అప్పుడు యాల ఊరుకున్నాడు?"

ఏసుకుమార్ కంచం ముందుకు లాక్కున్నాడు. మహాదేవి మిక్సీ ఆన్ చేసింది. ఆ రొదలో ఎవరూ మాట్లాడక్కరలేకపోయింది. కంచంలో పచ్చడి పడ్డాక శానా బాగుండాది వదినా అన్నాడు, రెండోసారి కూడా వేయించుకున్నాడు. చీఫ్ చెప్పింది తప్పు, అబద్ధం దాచడం అతనికి వచ్చేసింది.