నాలుగంగుళాల పెళ్ళికొడుకు

భావనారాయణ ఎత్తు అయిదడుగుల ఒకటిన్నర అంగుళం. ఎవరడిగినా ఆ అర అంగుళాన్ని మరిచిపోకుండా చెప్పేవాడు. నలభై ఎనిమిదో సంవత్సరం వేసవి నాటికి అతనికి ఇరవై ఆరేళ్ళు, నూజివీడు బజారులో సొంత ఫాన్సీ కొట్టు, చూసుకుని వద్దన్న సంబంధాలు మూడు. వద్దన్నది అతను కాదు.

కొట్టులో మాత్రం పొడగరే. గల్లాపెట్టె వెనక జానెడెత్తు చెక్క బల్ల వేయించుకుని దానిమీద నిలబడేవాడు. అక్కణ్ణించి చూస్తే ఊరంతా కాస్త పొట్టిగా కనిపించేది.

ఒక మధ్యాహ్నం మెట్లమీద టకటకమని చప్పుడైంది. ఆడపిల్లల బడికి కొత్తగా వచ్చిన చరిత్ర టీచరు, జ్ఞానప్రసూనాంబ. అసలే పొడుగు మనిషి. దానికి తోడు కాళ్ళకి మద్రాసు చెప్పులు, అడుగున మూడంగుళాల మందం.

"ఎర్ర సిరా ఉందాండీ?"

"ఉందండీ. చెప్పుల కింద ఆ ఇటుకలు కూడా మద్రాసువేనా?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆమె మాత్రం తడుముకోలేదు.

"ఇటుకలు కాదు. ప్లాట్‌ఫారం చెప్పులంటారు."

"రైలు ఎన్నింటికండీ?"

"మీ మాటలు అయ్యాక." ఆమె గల్లాపెట్టెమీద వేళ్ళతో తాళం వేసింది. "యుద్ధంలో తోలంతా సిపాయిల బూట్లకే పోయింది. దొరల దేశాల్లో ఆడవాళ్ళకి దొరక్క బిరడా చెక్కతో మందంగా అడుగులు చేయించుకున్నారు. గతిలేక చేసిందే ఫ్యాషనైంది. అంతెందుకు, నాలుగొందల ఏళ్ళ క్రితం వెనిస్‌లో గొప్పింటి ఆడవాళ్ళు మూరెడెత్తు చెప్పులేసుకుని, అటొక దాసీ ఇటొక దాసీ పట్టుకుంటే నడిచేవారట."

"మా తాతగారి పావుకోళ్ళూ ఎత్తుగానే ఉండేవండీ. పట్టుకునేవాళ్ళు లేక రెండుసార్లు పడ్డారు."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి భావనారాయణ చిల్లర ఎక్కువిచ్చేశాడు.

మర్నాడు మళ్ళీ ఎర్ర సిరా. మూడోనాడు మళ్ళీ. ఆ నెలలో ఆమె కొన్న సిరాతో జిల్లాలో ఉన్న పిల్లలందర్నీ ఫెయిలు చెయ్యొచ్చు.

"ఒకసారి బయటికి రండి, రసాల బళ్ళు వెళ్తున్నాయి. వాసన ఎంత బాగుందో!" అనేదామె.

"గిరాకీ ఉందండీ," అనేవాడు, కొట్టులో ఈగ కూడా లేకపోయినా. బల్ల దిగితే బండారం బయటపడుతుంది మరి.

ఒకరోజు ఆమె సిరా అడగలేదు. "మా నాన్నగారూ మీ అమ్మగారూ మాట్లాడుకున్నారట. మనవాళ్ళేనట. ఆదివారం మిమ్మల్ని మా ఇంటికి రమ్మన్నారు," అని, కాస్త ఆగి, "వస్తారా? ఆదివారం కూడా గిరాకీయేనా?" అంది.

ఆమె సందు మలుపు తిరిగేలోగా భావనారాయణ చెప్పులు కుట్టే సలోమోను దగ్గర ఉన్నాడు.

"బూట్లు కావాలి. అడుగు నాలుగంగుళాలుండాలి. ఎవరికీ కనబడకూడదు."

సలోమోను అతన్ని కిందనించి పైకి చూశాడు. ఎక్కువసేపు పట్టలేదు. "నాలుగంగుళాలు కనబడకుండా ఎట్టా బాబూ? మీ కాళ్ళు భూమిలో పాతాలి. అప్పుడు మళ్ళీ పొట్టోళ్ళయిపోతారు."

"ఏదో ఒకటి చెయ్యవయ్యా!"

"బిరడా చెక్క దొరకదు. మామిడిపళ్ళ పెట్టె చెక్కుంది."

ఆదివారం ఉదయం చిన్న జల్లు పడి వెలిసింది. పెట్టె చెక్కల మీద, ఒళ్ళు దగ్గర పెట్టుకుని, భావనారాయణ బయల్దేరాడు. ఒక్కో అడుగూ బురదలోంచి పీకి ముందుకు వెయ్యాల్సొచ్చింది. అయితేనేం, పుట్టి పెరిగిన వీధిలో గోడల అవతల ఏముందో మొదటిసారి చూశాడు. అంత గొప్పవేం లేవు. ఆరేసిన బట్టలు.

ప్రసూనాంబ తండ్రి సూర్యనారాయణగారు అరుగుమీదే ఎదురొచ్చారు. "రండి బాబూ, లోపలికి రండి."

అప్పుడు గుర్తొచ్చింది భావనారాయణకి. ఎవరింటికెళ్ళినా చెప్పులు గుమ్మం బయటే విప్పాలి. ఊహ తెలిసినప్పటినించీ రోజూ చేస్తున్న పనే. వారంపాటు ఎత్తు గురించి, రంగు గురించి, పాలిష్ గురించి ఆలోచించిన బుర్రకి ఈ ఒక్కటీ తట్టలేదు.

"ఇక్కడే బాగుందండీ. గాలి వస్తోంది."

"గాలా? ఆకు కదలటం లేదే!"

ఆ మాటలకి ప్రసూనాంబ గుమ్మంలోకి వచ్చింది, వట్టి కాళ్ళతో. ముందు అతని మొహం చూసింది. తర్వాత బూట్లు చూసింది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పారిపోదామంటే ఆ బూట్లతో పరుగెత్తలేడు. భావనారాయణ స్తంభం పట్టుకుని ఒకటి విప్పాడు. ఒక పక్కకి ఒరిగిపోయాడు. రెండోదీ విప్పాడు.

"నేను ఇంతేనండీ," అన్నాడు తల వంచుకుని. "మిగతాది సలోమోను."

"తెలుసు," అందామె.

"ఎప్పట్నించి?"

"మొదటి వారంనించే. పిన్నుల డబ్బా పడిపోతే తియ్యడానికి దిగారు. మళ్ళీ పైకెక్కేదాకా మీ క్రాపు ఒక్కటే కనిపించింది నాకు."

"మరి తెలిసీ..."

"తెలిసే వచ్చాను రోజూ." ఆమె గొంతు తగ్గింది. "ఆ మద్రాసు చెప్పులు మానేద్దామనుకుంటున్నాను. పక్కన నడిస్తే మీకు నామోషీగా ఉంటుందేమోనని."

భావనారాయణ తలెత్తాడు. చాలానే ఎత్తాల్సొచ్చింది. "వద్దండీ. నాకోసం మీరు ఒక్క అంగుళం కూడా తగ్గొద్దు. ఇష్టపడి కొనుక్కున్నారు, వేసుకోండి. నేనిలా తలెత్తి చూస్తాను. నాకేం నామోషీ లేదు."

అంత మాట తన నోట్లోంచే వచ్చిందా అని అతనికే అనుమానం వచ్చింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సూర్యనారాయణగారు గొంతు సవరించుకున్నారు. "అంతా బాగానే ఉంది గానీ అమ్మాయ్, పెళ్ళిలో జనం నవ్వరూ?"

"తాళి కట్టేటప్పుడు నేను కూర్చునే ఉంటాను కదా నాన్నా. ఆయనే నిలబడతారు," అంది ప్రసూనాంబ.

ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. మీసం కింద నవ్వు ఆగలేదు.

"ఇంకా అక్కడే నిలబడ్డావేం అల్లుడూ? లోపలికి రా."