డాడీ పడవ పాఠాలు

“నెక్స్ట్.”

గీతిక మౌస్ నొక్కింది. తెరమీద తెల్లటి పడవ మాయమై, నీలం పడవ వచ్చింది. టోపీ పెట్టుకున్న ఒకాయన చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. సౌండ్ మ్యూట్‌లో ఉంది. ఏం చెబుతున్నాడో ఆయనకే తెలియాలి.

“నెక్స్ట్.”

శనివారం మధ్యాహ్నం రెండున్నర. పక్కన సోఫాలో డాడీ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నిజానికి ఈ కోర్సు డాడీది. బోటు నడిపే లైసెన్స్ కావాలంటే ముందు ఈ ఆన్‌లైన్ పాఠాలన్నీ చూడాలి. ఒక్కో పాఠం చివర ప్రశ్నలుంటాయి, వాటికి జవాబులు చెప్పాలి. తర్వాత లైసెన్స్ ఉన్న మనిషి పక్కన కూర్చుని నదిలో బోటు నడపడం నేర్చుకోవాలి. ఆ మనిషి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. ఆ పైన ఆఫీసులో పరీక్ష రాయాలి. అప్పుడుగానీ లైసెన్స్ రాదు.

డాడీ పేరు విఠల్. బేకరీలో పని. తెల్లారకముందే లేచి వెళ్లి, మధ్యాహ్నానికి ఒంటినిండా బ్రెడ్డు వాసనతో ఇంటికొస్తాడు. అన్నం తిని కోర్సు ముందు కూర్చుంటే చాలు, రెండో నిమిషంలో తల వాలిపోతుంది.

“నువ్వే కొట్టెయ్ బిడ్డా,” అన్నాడు ఇందాక, కళ్లు మూసుకునే. “నువ్వైతే జల్ది అయితది.”

అనడమే ఆలస్యం, గీతిక రంగంలోకి దిగింది. రౌస్ హిల్‌లోని వాళ్లింట్లో కంప్యూటర్ పని ఏదైనా గీతికదే. స్కూల్ ఫారాలు నింపేది తనే. అమ్మ ఫోన్‌లో కొత్త యాప్ పెట్టేదీ తనే. ‘ఐ అగ్రీ’ అని ఎక్కడ కనబడితే అక్కడ చదవకుండా నొక్కడంలో ఆ ఇంట్లో తనను మించినవాళ్లు లేరు.

తొందరకి ఇంకో కారణం కూడా ఉంది. వచ్చే ఆదివారం గీతిక పుట్టినరోజు. పదకొండేళ్లు నిండుతాయి. డాడీతో పాటు బేకరీలో పనిచేసే శేషగిరి అంకుల్‌కి చిన్న అల్యూమినియం బోటు ఉంది. అలాంటి బోటుని ఇక్కడ అందరూ టిన్నీ అంటారు. “నువ్వు లైసెన్స్ తెచ్చుకో విఠలూ, అమ్మాయి పుట్టినరోజుకి బోటు నీదే,” అన్నాడాయన. మర్నాడే గీతిక స్కూల్లో ముగ్గురు స్నేహితురాళ్లని బోటు పార్టీకి పిలిచేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఆ పిల్లకి తెలియదు గానీ, చేసింది మాత్రం అదే.

తెరమీద ప్రశ్న వచ్చింది. ‘పిల్లల లైఫ్‌జాకెట్ ఒక సైజు పెద్దది కొనవచ్చా?’

గీతిక ‘అవును’ నొక్కింది. ఎర్ర గుర్తు పడింది. ‘ట్రై అగైన్.’

‘కాదు’ నొక్కింది. పచ్చ టిక్కు పడింది. ఎందుకు కాదో కింద నాలుగు లైన్లు రాసి ఉంది.

“నెక్స్ట్.”

నాలుగు గంటలకల్లా కోర్సు అయిపోయింది. ‘కంగ్రాచ్యులేషన్స్, విఠల్’ అంటూ సర్టిఫికెట్ వచ్చింది. డాడీ లేచి, కళ్లు నులుముకుని చూసి మురిసిపోయాడు.

“అరె, పాసైనమా!”

అప్పుడే పని నుంచి వచ్చిన అమ్మ చెప్పులు విడుస్తూ అడిగింది. “ఏం నేర్చుకున్నరు ఇద్దరు?”

డాడీ గీతిక వైపు చూశాడు. గీతిక డాడీ వైపు చూసింది.

“మస్తు నేర్చుకున్నం,” అన్నాడు డాడీ.

ఆ సాయంత్రమే వెళ్లి లైఫ్‌జాకెట్లు కొన్నారు. గీతిక తమ్ముడు పండుకి ఆరేళ్లు. వాడికి డాడీ ఒక సైజు పెద్దది తీశాడు.

“వచ్చే ఏడు గూడ పనికొస్తది,” అన్నాడు.

పండు స్కూల్ చొక్కాలు, బూట్లు, ఆఖరికి టోపీ కూడా అలా కొన్నవే. గీతికకి ఏదో గుర్తొచ్చినట్టే వచ్చి పోయింది. ఏమిటా అని ఆలోచించేలోపు పండు జాకెట్ వేసుకుని షాపంతా పరుగు మొదలుపెట్టాడు. వాణ్ణి పట్టుకోవడంతోనే సరిపోయింది.

మర్నాడు ఉదయం హాక్స్‌బరీ నది ఒడ్డుకి వెళ్లారు. బోట్లని నీళ్లలోకి దింపే వాలు దగ్గర సందడిగా ఉంది. ఒకళ్ల తర్వాత ఒకళ్లు కార్లు వెనక్కి నడిపిస్తూ ట్రైలర్ల మీద నుంచి బోట్లు దింపుతున్నారు. నీళ్లు టీ రంగులో ఉన్నాయి. వంతు కోసం ఆగి ఉన్న కారు పక్కన శేషగిరి అంకుల్ నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు.

“కోర్సు ఒక్క మధ్యాహ్నంలో పూర్తి చేశావంటగా విఠలూ! నాకు రెండు వారాలు పట్టిందయ్యా.”

డాడీ ఇబ్బందిగా నవ్వాడు. గీతిక తన బూట్ల లేసులు సరిచేసుకుంది. అవి బాగానే ఉన్నాయి.

అంకుల్ లాగ్‌బుక్ తీసి కారు ముందు భాగం మీద పెట్టాడు. జేబులోంచి పెన్ను తీశాడు. అంతలో పండు కనిపించాడు.

“ఏరా పండూ, ఇలా రా. చేతులు పైకెత్తు నాన్నా.”

పండు చేతులు ఎత్తాడు. అంకుల్ వాడి జాకెట్‌ని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాడు.

జాకెట్ పైకి వచ్చింది. పండు రాలేదు. వాడి గడ్డం, మూతి, ముక్కు అన్నీ జాకెట్ లోపలికి వెళ్లిపోయాయి. నెత్తిమీద జుట్టు మాత్రం కనిపిస్తోంది. లోపలి నుంచి కిలకిల నవ్వు వినిపించింది.

“అగైన్ అంకుల్! అగైన్!”

ఇంకెవరూ నవ్వలేదు.

“నీళ్లలో పడితే ఇదే అవుద్ది,” అన్నాడు అంకుల్ మెల్లగా. “జాకెట్ పైన తేలుద్ది. వీడు కింద ఉంటాడు.”

గీతిక నదిని చూసింది. నీటి అడుగున ఏముందో ఏమీ కనబడటం లేదు. ఒక్కసారిగా భయమేసింది. నిన్నటి ప్రశ్న ఇప్పుడు గుర్తొచ్చింది. ఎర్ర గుర్తు గుర్తొచ్చింది. కింద రాసి ఉన్న నాలుగు లైన్లు మాత్రం గుర్తు రాలేదు. చదివితే కదా గుర్తుండటానికి!

“కోర్సులో ఉంటుంది కదా విఠలూ,” అన్నాడు అంకుల్. “చూడలేదా?”

డాడీ మొహం మాడిపోయింది. “చూసిన అన్నా,” అన్నాడు నేల చూపులు చూస్తూ. “యాదికి లేదు.”

“సర్లే, మర్చిపోవడం మామూలే. మా అబ్బాయి చిన్నప్పటి జాకెట్ కార్లో ఉంది, పండుకి సరిపోద్ది. అది వేసి బయల్దేరదాం.”

అంతే! గండం గడిచిపోయింది. గీతిక నోరు మూసుకుని ఊరుకుంటే ఇంకో పది నిమిషాల్లో నదిలో ఉంటారు. పుట్టినరోజుకి బోటు వస్తుంది. స్నేహితురాళ్లు వస్తారు. డాడీ పరువూ నిలబడుతుంది.

కానీ ఆ కోర్సులో ఇంకా ఎన్ని ప్రశ్నలకి తను అలా గుడ్డిగా నొక్కిందో గీతికకే లెక్క తెలియదు. వచ్చే ఆదివారం బోటులో అంకుల్ ఉండడు. డాడీ ఒక్కడే ఉంటాడు. డాడీకి ఏమీ తెలియదు. తనకీ ఏమీ తెలియదు.

“అంకుల్, వెయిట్.”

జాకెట్ కోసం కారు తలుపు తీయబోతున్న అంకుల్ వెనక్కి తిరిగాడు.

“డాడీ చూడలేదు. ఐ డిడ్ ఇట్. అన్నీ నేనే క్లిక్ చేశా. నేను కూడా చూడలేదు. జస్ట్ నెక్స్ట్, నెక్స్ట్ కొట్టా.”

డాడీ చెవులు ఎర్రబడ్డాయి.

“ఎన్ని పాఠాలు?” అడిగాడు అంకుల్.

“అన్నీ.”

అంకుల్ పెన్నుకి మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. తిడతాడేమోనని గీతిక బిగుసుకుపోయింది. ఆయన తిట్టలేదు.

“మాది ఉప్పాడ అమ్మాయ్,” అన్నాడు. “మా చిన్నాన్న నలభై ఏళ్లు సముద్రం మీదే బతికాడు. అంత తెలిసినాయన కూడా రోజూ బయల్దేరే ముందు పడవ చుట్టూ ఒకసారి తిరిగి, తాళ్లన్నీ లాగి చూసుకునేవాడు. మనకంత తెలీదు కాబట్టే ఈ పాఠాలు పెట్టారు. కంప్యూటర్‌లో తప్పు నొక్కితే మళ్లీ నొక్కొచ్చు. నీళ్లలో కుదరదు.”

ట్రైలర్ మీదున్న బోటుని మళ్లీ గట్టిగా కట్టాడు.

“బోటు ఎక్కడికీ పోదు విఠలూ. పాఠాలన్నీ అయ్యాక ఫోన్ చెయ్యి. అప్పుడొద్దాం.”

ఇంటికెళ్లే దారంతా పండు ఏడుస్తూనే ఉన్నాడు. గీతికకీ ఏడుపొచ్చింది గానీ, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ట్రాఫిక్ లైటు దగ్గర కారు ఆగాక డాడీ అన్నాడు.

“నాకు సిగ్గయింది బిడ్డా.”

“సారీ డాడీ. నేను చెప్పకుండా ఉండాల్సింది.”

“నువ్వు చెప్పినందుకు కాదు. నేను చెప్పనందుకు.”

లైటు పచ్చబడింది. డాడీ కారు కదిలించాడు. పండు కూడా ఏడుపు ఆపేశాడు.

ఆ మధ్యాహ్నం షాపుకెళ్లి జాకెట్ మార్చుకున్నారు. డాడీ షాపులోనే, అందరూ చూస్తుండగా, పండుని కొత్త జాకెట్‌తో సహా పైకి లాగి చూశాడు. ఈసారి జాకెట్‌తో పాటు పండు కూడా లేచాడు. “టైట్‌గా ఉంది,” అని మూతి ముడుచుకున్నాడు.

“ఉండనియ్యి,” అన్నాడు డాడీ.

సోమవారం నుంచి కోర్సు మొదటికొచ్చింది. గీతిక సౌండ్ పెట్టింది. మౌస్ డాడీ వైపు జరిపింది.

డాడీకి ఇంగ్లీషు మాట్లాడటం వచ్చు గానీ, గబగబా చదవడం రాదు. కష్టమైన మాటలకి గీతిక అర్థం చెప్పింది. ఆ అర్థం తెలుగులో చెప్పలేక అమ్మని పిలిచింది. నదిలో ఎర్ర గుర్తులు, పచ్చ గుర్తులు ఎటువైపు ఉండాలో డాడీకి ఎంతకీ ఎక్కలేదు. అమ్మ వంటింట్లోంచి ఎర్ర గ్లాసు, పచ్చ గ్లాసు తెచ్చి టేబుల్ మీద పెట్టింది. పండు చెప్పుని బోటు చేసి వాటి మధ్య నడిపించింది.

“సముద్రం దిక్కు నుంచి నది పైకి పోతున్నమనుకో. ఎర్రది ఎడమకు,” అంది అమ్మ.

“ఎర్రది ఎడమ, ఎర్రది ఎడమ,” అని డాడీ బ్రెడ్డు కోస్తూ కూడా అనుకున్నాడట. బేకరీలో అందరూ నవ్వారట.

రోజుకి రెండు పాఠాలు పూర్తి చేయడం కూడా కష్టమయ్యేది. గురువారం గీతిక స్కూల్లో స్నేహితురాళ్లకి నిజం చెప్పేసింది.

“మా డాడీకి ఇంకా లైసెన్స్ రాలేదు. కోర్సు నేను చేసేశా, తను కాదు. సో మళ్లీ మొదటి నుంచి.”

“సో, నో బోట్?” అంది హరిప్రియ.

“నాట్ యెట్. కేక్ ఉంటుంది.”

హరిప్రియ మొహం చిన్నబోయింది. ఆ తర్వాత, ఏ కేకు అని అడిగింది.

శనివారం మధ్యాహ్నానికి ఇంకా ఒకే ఒక్క పాఠం మిగిలింది. డాడీ పనికెళ్లి వచ్చాడు. ఆవులింతల మీద ఆవులింతలు. పాఠం నడుస్తుండగానే రెండుసార్లు తల వాలింది. మూడోసారి మౌస్ గీతిక వైపు జరిపాడు.

“ఒక్కటే గద బిడ్డా. గీ ఒక్కటి నువ్వే కొట్టెయ్యి. అన్నకు ఫోన్ చేస్త. రేపు నీ పుట్టినరోజుకు అన్ననే నడిపిస్తడు, నేను పక్కన కూసోని నేర్చుకుంట.”

గీతిక మౌస్ వైపు చూసింది. రెండు నిమిషాల పని. ఎంత ఆశగా ఉందో! వేళ్లు దురద పెట్టాయంటే నమ్మండి.

లాప్‌టాప్ మూసేసింది. లోపలికెళ్లి దుప్పటి తెచ్చి డాడీ మీద కప్పింది. డాడీ దుప్పటి గడ్డం దాకా లాక్కుని నిద్రలోకి జారిపోయాడు. గీతిక గదిలోకెళ్లి కాసేపు ఏడ్చింది. మంచి పని చేస్తే హాయిగా ఉంటుందని టీచర్లు అంటారు గానీ, ప్రతిసారీ వెంటనే ఉండదు.

ఆదివారం పొద్దున కళ్లు తెరిచేసరికి గదినిండా ఎండ. పక్కగది నుంచి ఎవరో నెమ్మదిగా, కూడబలుక్కుంటూ చదువుతున్నారు. గీతిక లేచి వెళ్లి చూసింది.

డాడీ! సెలవురోజు కూడా అలవాటు ప్రకారం పెందలాడే లేచినట్టున్నాడు. పక్కన టీ కప్పు ఖాళీగా ఉంది. లాప్‌టాప్ తెరిచి, ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ చదువుతున్నాడు.

“ఇఫ్... ఎ పర్సన్... ఫాల్స్... ఓవర్‌బోర్డ్...”

ఆలోచించి ఒక జవాబు నొక్కాడు. ఎర్ర గుర్తు పడింది. తల గోక్కుంటూ వెనక్కి తిరిగితే, గుమ్మంలో గీతిక.

“హ్యాపీ బర్త్‌డే బిడ్డా!” మొహం వెలిగిపోయింది. “గిదే లాస్ట్ క్వశ్చన్. గిది అయితే అన్నకు ఫోన్ చేసుడే. నీళ్లల్ల మనిషి పడితే ముందుగాల ఏం చెయ్యాలె? జర చెప్పరాదు?”

గీతిక తెర చూసింది. జవాబు తనకి తెలుసు. నిన్న డాడీ కునికిపాట్లు పడుతుంటే ఈ పాఠం తను శ్రద్ధగా వింది, ఈసారి నిజంగానే తెలుసు. ఒక్క మాట చెబితే, ఈ రోజే నది, ఈ రోజే బోటు.

కుర్చీ లాక్కుని డాడీ పక్కన కూర్చుంది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది.

“మళ్లీ చదువు డాడీ,” అంది. “నేను వింటా.”

డాడీ ఆమె వైపు ఒక క్షణం చూశాడు. తర్వాత తెరమీద వేలు పెట్టి, మొదటి మాట నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టాడు.