వెయ్యిన్నొకటో ముక్కు

కారు యంత్రంలోకి ఎక్కి రెండు నిమిషాలైంది. తెర మీద నాలుగు చక్రాల దగ్గరా ఎర్ర చుక్కలు వెలిగాయి. అవి దేనికో తెలియకుండానే అతిథులు చప్పట్లు కొట్టారు.

అది 2051. విజయవాడ ఆటోనగర్‌లో ఆ ఉదయమే ప్రారంభమైన ఆ యంత్రం పేరు సహస్రనాసిక. కనిపెట్టినవారు డాక్టర్ వామనమూర్తి. పేరు కూడా ఆయనే పెట్టుకున్నారు, ఇంకెవరికీ అంత తీరిక లేదు. అది చేసే పని చెప్పడం సులువే. ముసలి పెట్రోలు కారులో ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ అని రకరకాల ద్రవాలు తిరుగుతుంటాయి. దేని వాసన దానిదే. యంత్రంలోని వెయ్యి కృత్రిమ ముక్కులు కారు చుట్టూ గాలి పీల్చి, ఏ ద్రవం ఎక్కడ కారుతోందో తెర మీద రంగు చుక్కలుగా చూపిస్తాయి. చిన్న లీకైతే మరమ్మతుకి పంపుతుంది. చక్రాల దగ్గర బ్రేక్ ఫ్లూయిడ్ కారితే ఎర్ర చుక్క వెలుగుతుంది; అది ప్రాణాపాయం కాబట్టి, పాతికేళ్లు దాటిన కారుని నేరుగా పక్కనున్న క్రషర్‌లోకి తోసేస్తుంది. అవతలి వైపు నుంచి ఇనుప ఇటుక బయటికొస్తుంది. ఊళ్లోని ముసలి కార్లన్నిటికీ ఇక ఈ పరీక్ష తప్పనిసరి.

తెలివైన యంత్రమే. దాన్ని కన్నతండ్రి గురించి ఆ మాట అనలేను.

లోపలున్న కారు తాయారుది. ఆవిడ ఆడపిల్లలకి డ్రైవింగ్ నేర్పుతుంది. పక్క సీటు దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉన్న కారు ఊళ్లో అదొక్కటే మిగిలింది. అది పోతే ఆవిడ స్కూలూ పోయినట్టే. అందుకే వారం ముందే మెకానిక్ మస్తాన్‌వలీ దగ్గరికి తీసుకెళ్లింది. మస్తాన్‌కి ఉన్నది ఒక్కటే ముక్కు. ఇంజిన్ కింద నల్లటి మరక చూసి అతను వెంటనే స్పానర్ అందుకోలేదు. ఆయిల్ ఎక్కడో పైన కారి ఇక్కడ చుక్కవుతుందని, చుక్క పడ్డచోటే వెతికేవాడు మెకానిక్ కాడని అంటూ ముందు ఇంజినంతా కడిగాడు. బెంజ్ సర్కిల్ దాకా తిప్పుకొచ్చి, కింద ఎప్పటివో పాత న్యూస్‌పేపర్లు పరిచి, ఒక పూటంతా వదిలేశాడు. పేపరు మీద నల్ల చుక్క ఒకటి, తియ్యటి వాసనొచ్చే పచ్చ కూలెంట్ చుక్క ఒకటి పడ్డాయి. ఇంజిన్ పైమూత కింద గాస్కెట్ అనే రబ్బరు పట్టీ ఎండి రాయిలా అయింది, అది మార్చాడు. రేడియేటర్ గొట్టానికి క్లిప్పు వదులైంది, అదీ మార్చాడు. మళ్లీ పేపర్లు పరిస్తే ఈసారి పాతికేళ్ల నాటి వార్తలు శుభ్రంగా చదువుకునేలా ఉన్నాయి.

మరి ఎర్ర చుక్కలెందుకొచ్చాయంటే, ప్రారంభోత్సవం కదా, మొదటి కారుకి పూజ చేయించాలని డాక్టరుగారే పట్టుబట్టారు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించి, వాటిని తొక్కుకుంటూ కారు లోపలికి ఎక్కాలన్నారు. ఆ తొక్కించేదేదో పరీక్ష అయ్యాక తొక్కిద్దామని, తాయారుకి తోడొచ్చిన మస్తాన్ మెల్లగా చెప్పి చూశాడు. యంత్రం సంగతి నీకేం తెలుసని ఆయన నవ్వారు. వెయ్యి ముక్కులకి పదిహేనేళ్లపాటు వాసనలు నేర్పిన ఆ మహానుభావుడు నిమ్మకాయ వాసన నేర్పడం మర్చిపోయారు. చక్రం దగ్గర తెలియని తడి ఏది కనిపించినా బ్రేక్ ఫ్లూయిడే అనుకోమని మాత్రం నేర్పారు.

క్రషర్ తలుపులు తెరుచుకున్నాయి. తెర మీద ఐదు నిమిషాల గడువు మొదలైంది.

ఆపమని తాయారు అడిగింది. డాక్టరుగారు మైకు వదలకుండానే, ఈ మెకానిక్‌ల మరమ్మతులు ఇలాగే ఏడుస్తాయని అతిథులకి వివరించారు. నలిగిన నిమ్మచెక్క ఆయన బూటు పక్కనే ఉంది. దాన్ని ఆయన చూశారు కూడా. చూసి కూడా అలా మాట్లాడాలంటే చాలా పెద్ద చదువు చదివుండాలి.

మస్తాన్ ఈలోపు గోడ మీది నిబంధనలు చదివాడు. యంత్రం తీర్పుని ఎవరూ ఆపడానికి లేదు. దాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త ప్రతి చక్రాన్నీ స్వయంగా వాసన చూసి వేలిముద్ర వేస్తే మాత్రం ఆగుతుంది. మెకానిక్‌లు జోక్యం చేసుకోకుండా డాక్టరుగారే దగ్గరుండి రాయించుకున్న నియమమది.

"సార్, మీ ముక్కొక్కటే చెల్లుద్దంట. వంగండి," అన్నాడు మస్తాన్.

"ఇంతమంది ముందా?"

తాయారు గొంతు పెంచలేదు. "ఆ కారు మీద నలభై మంది ఆడపిల్లలు నేర్చుకుంటున్నారండీ. మన కారుని నిమ్మకాయ మింగేసిందని రేపు వాళ్లకి చెప్పమంటారా? చెప్తాను. మీ పేరు కూడా చెప్తాను."

ఇంకా ఒకటిన్నర నిమిషం ఉందనగా డాక్టరుగారు కొత్త సూటుతో మోకాళ్ల మీద కూలబడ్డారు. ఒక్కో చక్రం దగ్గరికీ పాక్కుంటూ వెళ్లి వాసన చూసి, వేలిముద్ర వేశారు. క్రషర్ మూసుకుంది. తాయారు కారు స్టార్ట్ చేసి, ఎవరికీ దణ్ణం పెట్టకుండా వెళ్లిపోయింది.

కథ అక్కడితో అయిపోయుంటే ఆయన అదృష్టవంతుడే. కానీ బతుకుతుందో ఇటుకవుతుందో తెలియని కారుని పూజ చేయించకుండా పరీక్షకి ఎవరు తీసుకెళ్తారు? మర్నాటి నుంచి వచ్చిన ప్రతి కారూ నిమ్మకాయలు తొక్కే వచ్చింది, ప్రతి కారుకీ ఎర్ర చుక్కలే వెలిగాయి. యంత్రానికి నిమ్మ వాసన నేర్పెయ్యొచ్చు కదా అని ఎవరో అడిగారు. నేర్పాలంటే ముందు అందులో లోపం ఉందని ఆయన రాసివ్వాలి. ఆయన రాసివ్వలేదు, వంగడానికే ఒప్పుకున్నారు.

మొన్న తాయారు ఒక కొత్త పిల్లకి రివర్స్ నేర్పుతూ ఆ సెంటర్ ముందు కారు ఆపించింది. బయట ముప్పై ముసలి కార్లు బారులు తీరి ఉన్నాయి, చక్రాల ముందు నిమ్మకాయలతో సహా. గేటుకి ఒక బోర్డు వేలాడుతోంది.

"డాక్టరుగారికి జలుబు. ఈ రోజు పరీక్షలు లేవు."